షాడో డామ్‌లో వెనిలా ఎక్స్‌ట్రాక్ట్ స్టైల్స్ పడకపోతే

షాడో డామ్ అంటే పేజీలోని మిగతా స్టైల్స్ తగలకుండా ఒక కాంపోనెంట్‌కి విడిగా ఉండే భాగం; దాని మొదలే షాడో రూట్. స్టైల్స్‌ను టైప్‌స్క్రిప్ట్‌లో రాసుకునే వెనిలా ఎక్స్‌ట్రాక్ట్ లైబ్రరీని అందులో వాడితే, ఎలిమెంట్ మీద క్లాస్ పేరు కనిపించినా రంగు మాత్రం రాకపోవచ్చు. మీ టైప్‌స్క్రిప్ట్ టైపుల్లో తప్పేం లేదండి. వెనిలా ఎక్స్‌ట్రాక్ట్ బిల్డ్‌లోనే సిఎస్ఎస్ ఫైలు తీసి పేజీ హెడ్‌కి పంపుతుంది; అక్కడి సెలెక్టర్లు షాడో రూట్ లోపలికి చేరవు.

ముందు స్టైల్ ఫైళ్లను విడిగా బిల్డ్ చేయండి. వచ్చిన సిఎస్ఎస్ ఫైలును వీట్ అనే బిల్డ్ టూల్‌లో పేరు చివర ‘?ఇన్‌లైన్’ తగిలించి ఇంపోర్ట్ చేస్తే స్ట్రింగ్‌గా అందుతుంది. మూల టైప్‌స్క్రిప్ట్ ఫైలుకే తగిలిస్తే సిఎస్ఎస్ రాదు. క్లాస్ పేర్లు కూడా అదే బిల్డ్ నుంచి తీసుకోండి, లేకపోతే ఆ పేర్లలో బిల్డ్ చేర్చే హ్యాష్‌లు (గుర్తు అక్షరాలు) కలవవు. చాలామంది ఇరుక్కునేది ఇక్కడే.

ఆ స్ట్రింగ్‌ను రీప్లేస్‌సింక్ మెథడ్‌తో ఒక సిఎస్ఎస్‌స్టైల్‌షీట్ ఆబ్జెక్ట్‌లోకి ఎక్కించి, షాడో రూట్‌లోని అడాప్టెడ్‌స్టైల్‌షీట్స్ ప్రాపర్టీకి ఇవ్వండి. షీట్‌ను మాడ్యూల్ స్థాయిలో ఒక్కసారే చేయండి. కన్‌స్ట్రక్టర్‌లో చేస్తే వంద బటన్లకు వంద షీట్లు. కాంపోనెంట్లు రాసే లిట్ లైబ్రరీ అయితే ఆ స్ట్రింగ్‌ను అన్‌సేఫ్‌సిఎస్ఎస్‌లో చుట్టి స్టాటిక్ స్టైల్స్‌లో పెడితే సరి.

థీమ్ (రంగుల్లాంటివి ఉండే సిఎస్ఎస్ వేరియబుల్స్) మాత్రం హెడ్‌లోనే ఉండనివ్వండి. సిఎస్ఎస్ వేరియబుల్స్ ఇన్‌హెరిట్ అవుతాయి కాబట్టి షాడో లోపలికీ దిగుతాయి. థీమ్‌నీ షాడో షీట్‌లోకి లాగితే ‘:రూట్’ సెలెక్టర్ దేనికీ తగలదు, షాడో రూట్ ఉన్న ఎలిమెంట్‌కి తగిలే ‘:హోస్ట్’ రాయాలి. ఫాంట్లను లోడ్ చేసే ఫాంట్‌ఫేస్ నియమాలు కూడా బయటే పెట్టండి, షాడో లోపల అవి పనిచేయవు.