అద్దె పుస్తకాల అంగడి: మీరడిగినవి, నాకు తోచినవి

కొత్తగా చదివేవాళ్లకు ఒక మాట. నాకు కడపలో బస్టాండు దగ్గర అద్దె పుస్తకాల అంగడి ఉండేది, ఇరవై ఏండ్లు నడిపి, టీవీ సీరియళ్ల దెబ్బకు మూసేసినా. నేను పండితుణ్ణి కాదు, విమర్శకుణ్ణీ కాదు, ఎవరికి ఏ పుస్తకం ఇస్తే రెండోరోజే ఇంకోటి కావాలని పరిగెత్తుకొస్తారో అది మాత్రం తెలుసు. ఈసారి ఉత్తరాలు బో వచ్చినాయి, కొన్నింటికే జవాబు రాస్తాండా.

ప్రశ్న: మావోడికి తొమ్మిదేండ్లు, ఇంగ్లీషు మీడియం. ఇంగ్లీషు గడగడా చదువుతాడు, తెలుగైతే ఒత్తుల దగ్గర ఆగిపోయి పుస్తకం అవతల పడేస్తాడు. వాడి క్లాసుకు తగిన తెలుగు కథల పుస్తకాలు ఏవి కొనాలి సార్?
— ఒక అమ్మ, గుంతకల్లు

జవాబు: అమ్మా, ఆ 'క్లాసుకు తగిన' అనే దగ్గరే తిప్పలంతా ఉండాది. మీవోడికి ఇప్పుడు రెండు వయసులు. తల తొమ్మిదేండ్లది, తెలుగు చదివే నాలుక ఆరేండ్లది. ఆరేండ్ల పుస్తకం ఇస్తే నేనేం చిన్నపిల్లోణ్ణా అని సిగ్గు, తొమ్మిదేండ్ల పుస్తకం ఇస్తే లక్ష్మి, జ్ఞానం, రాష్ట్రం అన్నీ ముళ్లకంపలే. ఇంగ వాడేం చేస్తాడు, ఫోన్ తీసుకుంటాడు.

కొన్నాళ్లు వాడి తలకు తగిన కథ మీరు చదవండి, వాడు వింటాడు. రాత్రి అన్నం తిన్నాక పావుగంట చాలు. కానీ కథ మొత్తం చదివి పెట్టొద్దండి, అదీ ముఖ్యం. మా పాప చిన్నప్పుడు నేను చేసిన దొంగపని చెప్తా. చందమామలో బేతాళ కథ ఉంటుంది కదా, చివర బేతాళుడు ప్రశ్న వేసి, తెలిసీ చెప్పకపోతే నీ తల పగిలిపోతుంది అంటాడు, సరిగ్గా అక్కడ ఆపేసి "అంగడికి ఎవురో వచ్చినట్టుండారు" అని లేచిపోయేవాణ్ణి. ఎవరూ వచ్చేది లేదు, వాకిట్లో ఊరికే నిలబడేది. పుస్తకం తెరిచిపెట్టే వదిలేసేది. విక్రమార్కుడు ఏం జవాబు చెప్పినాడో అర పేజీ కూడా ఉండదు, పాప మొదట్లో రొంచేపు నన్ను పిలిచేది, నేను పలకకపోతే వేలు పెట్టుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివేసేది. ఒక నెల ఇట్ల గడిచినాక ఒకరోజు నేను లోపలికొచ్చేసరికి పక్క కథ కూడా సగం అయిపోయిండాది.

చందమామ 1947 జూలైలో మొదలైంది, ఇప్పుడు రావడం లేదు గానీ పాత సంచికలు ఇంటర్నెట్లో దొరుకుతాయి. వాడు సొంతంగా చదవడానికైతే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ సైటు చూడండి, బొమ్మల కథలు తెలుగులో బోలెడు, ఊరికే చదువుకోవచ్చు. వాటి మీద ఒకటో లెవెల్, రెండో లెవెల్ అని వేసుంటుంది. ఒకటో లెవెల్ ఇచ్చేటప్పుడు ఆ అంకె కనపడకుండా బొటనవేలు అడ్డం పెట్టి చూపించండి, ఏమీ అనుకోడు. సికింద్రాబాదులో 'మంచి పుస్తకం' వాళ్లు కూడా పిల్లల పుస్తకాలు తక్కువ ధరకు వేస్తారు, మన చిన్నప్పటి సోవియట్ బొమ్మల పుస్తకాలు కొన్ని మళ్లీ అచ్చేసినారు, అవి మీకూ చదవాలనిపిస్తాయి, జాగ్రత్త.

ఇంకొకటి, చుట్టాల ముందర "ఏదీ ఈ పేజీ చదువు నాయనా" అని మాత్రం నిలబెట్టొద్దండి. పిల్లోళ్లు తెలుగు పుస్తకమంటే దూరం జరిగేది జాస్తి అక్కడే.

ప్రశ్న: నాకు 34 ఏండ్లు. డిటెక్టివ్ నవలలు తప్ప ఏదీ చదవలేను. మా బామ్మర్ది లెక్చరర్, నా చేతిలో మధుబాబు రాసిన షాడో పుస్తకం చూసి "ఇంకా ఇవేనా బావా" అని నవ్వినాడు. పంతానికి ఒక పెద్ద సాహిత్య నవల కొని మూడుసార్లు మొదలుపెట్టినా, మూడుసార్లూ నిద్రపోయినా. నాకు సాహిత్యం రాదంటారా?
— కర్నూలు పాఠకుడు

జవాబు: వస్తుందప్పా, ఏం రాకుండా పోదు. ముందు మీ బామ్మర్ది సంగతి వదిలేయండి. మా అంగడికి ఒక లెక్చరర్ వచ్చేవాడు, పైన కవిత్వం పుస్తకం, కింద మధుబాబు నవల పెట్టుకుని పోయేవాడు, కవిత్వం ఏ నాలుగురోజులకో వెనక్కొచ్చేది, మడత కూడా నలిగేది కాదు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలలు చదివి తెలుగు చదవడం అలవాటైనవాళ్లు ఎంతమందో, నేను కూడా అందులో ఒకణ్ణే.

మీ పొరపాటు ఏందంటే, గట్టు దిగకుండానే అవతలి ఒడ్డుకు దూకాలని చూసినారు. మీకు ఇష్టమైనది నేరమా, భయమా, అడివా, తెలివైనోడా అని మీరే రొంత చూసుకోండి. షాడో ఇష్టమంటున్నారు కాబట్టి నా లెక్కన మీకు కావాల్సింది ప్రమాదం, పరుగు. అట్లయితే సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి రాసిన 'కొండపొలం' పట్టుకోండి. ఆయన మన కడప జిల్లా ఆయనే. కరువొస్తే గొర్రెలు తోలుకుని నల్లమల కొండల్లోకి పోతారు, చదువుకున్న పిల్లోడు ఒకడు ఆ కాపర్లతో పాటు పోతాడు, పులి ఎప్పుడొస్తుందో తెలీదు. రాత్రుళ్లు మంట వేసుకుని కాపలా కాసే పేజీలు చదువుతుంటే మీ కర్నూలు మిద్దె మీద పడుకున్నా చెవులు నిక్కబొడుచుకుంటాయి. 2021లో సినిమా కూడా వచ్చింది, అది చూసేసినా పర్వాలేదు, నవలలో గొర్రెల సంగతులే వేరు.

అది అయినాక పాలెగాళ్ల కాలం, కోటలు, కత్తులు అంటే మనసైతే బండి నారాయణస్వామి 'శప్తభూమి'. పద్దెనిమిదో శతాబ్దపు అనంతపురం సీమ కథ, 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అవార్డు పుస్తకమని బెదరొద్దండి, కథ బాగానే ఉరుకుతుంది. ఈ రెండూ చదివి మీ బామ్మర్దిని చదివినావా అని అడగండి. చదివుండడనే నా అనుమానం.

ప్రశ్న: పుస్తకం సగం చదివినాక బోరు కొడితే వదిలేయొచ్చా? డబ్బులు పెట్టి కొన్నాం కదా అని బాధగా ఉంటుంది.
— ఆదోని

జవాబు: వదిలేయండి. ఉప్పు ఎక్కువైన కూర, డబ్బులు పెట్టి కొన్న కూరగాయలే కదా అని మొత్తం తింటామా? కాకపోతే ఎవరికైనా ఇచ్చేయండి, మీకు ఉప్పనిపించింది వాళ్లకు సరిపోవచ్చు. కొనేముందు మొదటి పేజీ చదవొద్దు, దాన్ని ఎవరైనా బాగానే రాస్తారు. మధ్యలో ఎక్కడో తెరిచి రెండు పేజీలు నిలబడే చదవండి, మూడో పేజీకి చెయ్యి దానంతట అదే పోతే బిల్లు వేయించుకోండి.

ప్రశ్న: నేను ఆర్టీసీలో ముప్పై ఏండ్లు కండక్టరుగా చేసి రిటైరైనా. ఇప్పుడు టైముంది గానీ కండ్లు సహకరించవు, చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి. నవలలంటే ఓపిక లేదు. దేవుడి పుస్తకాలు చదువుకో నాయనా అంటారు పిల్లలు. నాకు ఊర్లు, దారులు, మనుషులు కావాలి.
— కడప

జవాబు: అన్నా, మీ ఉత్తరం చదివి మొదట నవ్వొచ్చింది, తర్వాత బాధేసింది. అరవై దాటితే అందరికీ భక్తి పుస్తకాలే తగినవని ఎవరు పెట్టినారో ఈ రూలు. మా అంగడిలో అందరికన్నా జాస్తి ప్రేమ నవలలు తీసుకుపోయినామె వయసు డెబ్బై పైనే, మనవరాలి పేరుతో రాయించుకునేది.

మీకోసమే రాసినట్టుండే పుస్తకం ఒకటుంది. ఏనుగుల వీరాస్వామి 'కాశీయాత్ర చరిత్ర'. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే ఒక భాషలో మాట ఇంకో భాషలో చెప్పేవాడు, 1830 మే 18న పరివారంతో బయల్దేరి కాశీ దాకా పోయి, పదిహేను నెలల పైన తిరిగి ఇల్లు చేరినాడు. పోయిన దారి ఏది అనుకున్నారు? తిరుపతి, మన కడప, అహోబిలం, శ్రీశైలం. ఏ ఊరు నుంచి ఏ ఊరికి ఎంత దూరం, దారి ఇసకా రాళ్లా, బావి ఉందా, దిగడానికి చావిడి ఉందా, ఏ సరుకు దొరుకుతుంది, అన్నీ రోజువారీగా రాసిపెట్టినాడు. మీ వేబిల్లు మాదిరే అనుకోండి. భాష పాతది, మొదటి పది పేజీలు నోట్లో గులకరాళ్లు వేసుకున్నట్టుంటుంది, తర్వాత అలవాటైపోతుంది. రోజుకు ఒక మజిలీ చాలు.

నవలకు ఓపిక లేదన్నారు, కేతు విశ్వనాథరెడ్డి కథలు తెప్పించుకోండి, కడప జిల్లా మనుషులు మన మాటలతోనే కనపడతారు, ఒకసారి కూర్చుంటే ఒక కథ అయిపోతుంది. వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' కూడా, చిన్న పుస్తకం. మీరు ఎర్రబస్సులో టికెట్టు కొట్టిన ఊర్లే చాలా వాటిల్లో.

కండ్ల సంగతికి టాబ్‌లో ఈబుక్ పెట్టుకుని అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు, మనవణ్ణి అడిగితే రెండు నిమిషాల పని. అదీ కష్టమైతే వినండి, దాసుభాషితం లాంటి యాప్‌లలో తెలుగు పుస్తకాలు చదివి వినిపిస్తారు. వినడం చదవడం కాదు అనేవాళ్ల మాట పట్టించుకోవద్దు, మన అవ్వలు రామాయణం కాలక్షేపంలో విన్నారే గానీ ఒక్కరన్నా పుస్తకం పట్టినారా.

ప్రశ్న: నేను డిగ్రీ ఫైనలియర్. మన సీమ రచయితల్ని చదువు అని మేడం చెప్తే మొదలుపెట్టా, ఒక కథలో బావి ఎండిపోయింది, ఒక కథలో ఎద్దు చచ్చిపోయింది, ఇంకో కథలో రైతు. నాకు హాస్టల్లో ఏడుపు తప్ప ఇంకేం మిగల్లేదు. నవ్వించే పుస్తకాలు మన తెలుగులో లేవా?
— అనంతపురం

జవాబు: ఉండాయి పాపా. మేడం చెప్పింది తప్పు కాదు, వాన పడని ఊర్లో వాన గురించి రాయకుండా ఎట్ల ఉంటారు. కానీ వరసగా మూడు కరువు కథలు చదివితే నాకైనా గొంతులో ముద్ద దిగదు. మధ్యలో నవ్వు కలపాలి, సంగటిలో ఊరిబిండి మాదిరి.

నామిని సుబ్రమణ్యం నాయుడు మన పక్క చిత్తూరు జిల్లా ఆయన, 'మిట్టూరోడి కథలు' చదువు. లైబ్రరీలో చదవద్దు, నవ్వు ఆపుకోలేక బయటికి పంపిస్తారు. నవ్విస్తా నవ్విస్తా మధ్యలో ఒకచోట గిల్లుతాడు, అది మాత్రం ముందే చెప్తాండా. భానుమతి రామకృష్ణ 'అత్తగారి కథలు' ఉన్నాయి, అవును, ఆ సినిమా భానుమతే, పెరుగులో ఆవకాయ కలిపినట్టు రాస్తుంది. మొక్కపాటి వారి 'బారిష్టర్ పార్వతీశం' నూరేండ్ల కిందటిది, ఊరు దాటని పిల్లోడు చదువుకోవడానికి ఓడెక్కి సీమకు, అంటే ఇంగ్లండుకు, బయల్దేరతాడు. మొదటి భాగం చాలు, మిగతావి ఆ ఊపులో చదివితే చదువు లేకుంటే లేదు. హాస్టల్లో ఒకరు పైకి చదవండి, మిగతావాళ్లు చెనిక్కాయలు వలుచుకుంటా వినండి.

ప్రశ్న: ఇవన్నీ కొనాలంటే జేబు ఖాళీ. దారేంది?
— నంద్యాల

జవాబు: మీ ఇంటిపన్ను రసీదు ఒకసారి తీసి చూడండి, గ్రంథాలయ సెస్సు అని ఒక లైను ఉంటుంది. రూపాయి పన్నుకు ఎనిమిది పైసలు. అంటే లైబ్రరీకి మీరు ముందే డబ్బులు కట్టేసినారు, పోయి కార్డు చేయించుకోండి. బీరువాకు తాళం ఉంటే తీయమని అడగండి, మొహమాటపడొద్దు. కడపకు వస్తే సి.పి. బ్రౌన్ గ్రంథాలయం కూడా చూడండి, ఆయన బంగళా ఉండిన చోటే, పండితుల్ని పెట్టుకుని పాత తెలుగు పుస్తకాలు సరిచూసి రాయించింది ఇక్కడే.

ప్రశ్న: ఆదివారం రోడ్డు పక్కన పాత పుస్తకాల కుప్పలో ఒక నవల కొన్నా. 17వ పేజీలో నంబరు చుట్టూ ఎర్ర సున్నా, పక్కన ఒక చిన్న ఇంటూ గుర్తు, కింద పెన్సిల్‌తో పువ్వు. ఎందుకో తెలుసా?
— ప్రొద్దుటూరు

జవాబు: తెలియకేం, ఎన్ని చూసినా! అది అద్దె అంగడి పుస్తకం. వారానికి నాలుగైదు నవలలు తీసుకుపోయేవాళ్లకు ఏది చదివినామో గుర్తుండేది కాదు, పేర్లన్నీ ఒకే మాదిరి కదా. అందుకని ఒక్కొక్కరు ఒక పేజీ ఎంచుకుని అక్కడ తమ గుర్తు పెట్టుకునేవాళ్లు, మళ్లీ అద్దెకు తీసేటప్పుడు ఆ పేజీ తిప్పి చూసుకునేవాళ్లు. అందరూ కాదులే, ఒక పుణ్యాత్ముడు గుర్తు బదులు మొదటి పేజీలోనే హంతకుడి పేరు రాసిపెట్టిండె, వాణ్ణి పట్టుకోవడానికి నాలుగు నెలలు పట్టింది నాకు. పుస్తకాలు పాడు చేస్తాన్నారని మొదట్లో అరిచేవాణ్ణి, తర్వాత అదే నాకు పనికొచ్చింది. ఎవరైనా వచ్చి "ఏదైనా మంచిది ఇవ్వన్నా" అంటే నేను అట్ట చూసేవాణ్ణి కాదు, గుర్తులు చూసేవాణ్ణి. సున్నా పెట్టినాయన చదివేది హత్యలు, పువ్వు వేసే ఆమె చదివేది కుటుంబ కథలు, ఇద్దరూ ఒకే పుస్తకంలో కనపడితే అది ఎవరికైనా ఇవ్వొచ్చు అని లెక్క.

మీ దాంట్లో మూడు గుర్తులుండాయి, పైగా సున్నా, పువ్వు రెండూ. ఈ రాత్రే మొదలుపెట్టండి, పొద్దున పాలు పొంగిపోతే నన్ను తిట్టుకోవద్దు.