పందికొక్కు ఇంగ్లీషు నుంచి వచ్చిందా?

సందేహం: మా పాప ఇంగ్లీషు పుస్తకంలో 'బాండికూట్' అని ఒక ఆస్ట్రేలియా జంతువు బొమ్మ ఉంది. ఆ మాటే మనదాకా వచ్చి 'పందికొక్కు' అయిందని తెలిసిన సారు ఒకరు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

సమాధానం: కాదండీ. మాట మన దగ్గర పుట్టి అటు వెళ్లింది.

బాండికూట్‌ను ఎలా విడదీసినా ఆ జంతువుకు పొసగే అర్థం ఇంగ్లీషులో రాదు. పందికొక్కును విడదీస్తే రెండూ మన మాటలే. కొక్కు అంటే పెద్ద ఎలుక. ఇప్పుడు విడిగా వాడటం తగ్గింది గానీ, పాత తెలుగులో వినాయకుడికి 'కొక్కురౌతు' అని పేరు. ఎంత చక్కటి మాటో చూడండి! పందిలా గురగురమంటూ మట్టి తవ్వే కొక్కు కాబట్టి పందికొక్కు. సాగర్ ఎడమ కాలువ కింద వరి వేసే మీ రైతులకు దాని సంగతి నేను చెప్పాలా? గట్టుకు బొక్క చేసిందంటే తెల్లారేసరికి మడిలో నీళ్లుండవు. 'పందికొక్కు లెక్క తింటున్నడు' అనే తిట్టు ఊరూరా ఉన్నదే.

మరి తమిళమో కన్నడమో ఎందుకు కాకూడదు? తమిళంలో దాన్ని పెరుచ్చాళి అంటారు, కన్నడంలో హెగ్గణ. పందిని కూడా వాళ్లు పన్ఱి, హంది అంటారు. ఈ మూడింటిలో ఇప్పుడు 'పంది' అన్న రూపం తెలుగుదే. ఇంగ్లీషువాళ్లు 1611లోనే మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టారు, మన మాటలు వాళ్ల చెవిన పడటానికి కావలసినంత కాలం ఉంది. మాట మొదట్లో వచ్చే 'ప'ను వాళ్లు ఊపిరి వదులుతూ, ఒత్తి పలుకుతారు. మనం తేలిగ్గా పలికే 'ప' వాళ్లకు 'బ'లా వినిపించి ఉంటుందని నా అభిప్రాయం. 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు కూడా ఈ మాటకు మూలం తెలుగు పందికొక్కే అని చెప్పింది.

18వ శతాబ్దం చివర్లో ఆస్ట్రేలియా చేరిన ఇంగ్లీషువాళ్లు అక్కడి మూతి పొడుగు జంతువుకు ఈ పేరే పెట్టేశారు. నిజానికి అది ఎలుక జాతి కాదు. కంగారూలాగా పిల్లల్ని సంచిలో పెంచుతుంది. మట్టి తవ్వేటప్పుడు లోపల పడకుండా ఆ సంచి మూతి వెనక్కి తిరిగి ఉంటుంది. అసలు పందికొక్కుల ప్రజాతికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు 'బాండికోటా'. అందులోనూ ఉన్నది మన మాటే.