యజమాని బీమా శిక్షకురాలికి సరిపోతుందా?

ప్రశ్న: మాది భీమవరం. అమెరికాలో స్థిరపడిన మా అమ్మాయి విమానం నడపడం నేర్పే ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్ సంపాదించింది. ఏ స్కూల్లోనూ చేరకుండా, సొంత విమానాలున్నవారికి గంటల లెక్కన నేర్పుతానంటోంది. విమానానికి యజమాని బీమా ఎలాగూ ఉంటుంది కదా, ఆమెకు వేరే పాలసీ ఎందుకు?

జవాబు: అయ్యా, విమానానికి బీమా ఉండటం వేరు, ఆ బీమా మీ అమ్మాయిని కాపాడటం వేరు. పంట నష్టపరిహారం పట్టాదారు ఖాతాలో పడి, సాగు చేసిన కౌలు రైతు చేతికి అందకపోవడం మన డెల్టాలో మీరు చూసే ఉంటారు. ఇక్కడ పరిస్థితి ఇంకొంచెం కఠినం. ప్రమాదం జరిగితే కంపెనీ ముందు యజమానికి చెల్లించి, తప్పు శిక్షకురాలిదని భావిస్తే ఆ సొమ్మును ఆమె నుంచి రాబట్టుకోవడానికి దావా వేయవచ్చు. దీనిని సబ్రోగేషన్ అంటారు. పాత సెస్నా 172 విమానం కూడా లక్ష డాలర్లకు పైగా పలకవచ్చు కనుక ఇది చిన్న మొత్తం కాదు.

అందువల్ల పాఠం మొదలుపెట్టక ముందే, ఆ హక్కును ఆమె విషయంలో వదులుకుంటున్నామని, ఇతరులకు జరిగే నష్టానికి చెల్లించే బాధ్యత బీమాలో ఆమె పేరునూ చేర్చామని యజమాని బీమా కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి. పాలసీలో పేరు లేకపోయినా తగిన అర్హతలున్న పైలట్ నడపవచ్చనే ‘ఓపెన్ పైలట్’ నిబంధన ప్రకారం ఆమెకు అర్హత ఉందని యజమాని చెబితే, ఆమె నడిపినా ఆయన పాలసీ చెల్లుతుందని మాత్రమే దాని అర్థం, ఆమెకు రక్షణ ఉందని కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే.

దీనితోపాటు, పరుల విమానాల్లో పనిచేసే శిక్షకుల కోసం అమ్మే సొంత పాలసీ ఆమెకు ఉండాలి. అద్దె విమానం నడిపేవారి మామూలు పాలసీ బోధనకు వర్తించకపోవచ్చు. మొత్తం పది లక్షల డాలర్లని రాసి ఉన్నా, విమానంలో కూర్చున్న ఒక్కొక్కరికి లక్ష డాలర్లే పరిమితిగా పెట్టడం అక్కడ మామూలే; ఆ వాక్యాన్ని చదవకుండా సంతకం చేయవద్దు. శిష్యుడు తరువాతెప్పుడో ఒంటరిగా ఎగిరి ప్రమాదానికి గురైనా, సరిగా నేర్పలేదన్న ఆరోపణ రావచ్చు. శిక్షణ రికార్డులను మూడేళ్లు ఉంచాలని అక్కడి నిబంధన. నా మాట వింటే ఇంకా ఎక్కువ కాలమే దాచాలి.

ఇక్కడ మీరు ఆమె పేరిట వ్యక్తిగత ప్రమాద బీమా చేయించి ఉంటే, మినహాయింపుల పేజీ చూడండి. ప్రయాణికురాలిగా కాక మరే హోదాలో విమానం ఎక్కినా వర్తించదని అలాంటి పాలసీల్లో సాధారణంగా ఉంటుంది.