రసాయనశాస్త్రం చదివిన అమ్మాయికి సముద్రపు బురదతో పనేమిటి?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది, ప్రధానాంశం రసాయనశాస్త్రం. సముద్రగర్భం నుంచి గొట్టంతో తీసిన పొడవాటి మట్టి స్తంభాల (కోర్ల) ఆధారంగా లక్షల ఏళ్లనాటి సముద్ర వాతావరణాన్ని తెలుసుకునే పరిశోధనలో చేరతానంటోంది. భూగర్భశాస్త్రం చదవనివారికి అందులో చోటుంటుందా? బతుకంతా ఓడల మీదే గడపాలా?

జవాబు: మీ మొదటి సందేహానికి ఈ రంగం పుట్టిన తీరే సమాధానం. సముద్రజీవుల సున్నపు గుల్లల్లో ఉండే ఆక్సిజన్ ఐసోటోపుల (ఒకే మూలకానికి చెందినా బరువులో తేడా ఉన్న పరమాణువుల) నిష్పత్తిని బట్టి, అవి పెరిగిన నీటి ఉష్ణోగ్రతను లెక్కగట్టవచ్చని 1947లో సూచించిన హెరాల్డ్ యూరీ రసాయన శాస్త్రవేత్త. ఆయన దగ్గర పనిచేసిన చెజారే ఎమిలియాని 1955లో ఆ పద్ధతిని లోతు సముద్రపు కోర్లకు వర్తింపజేసి, మంచుయుగాల నాటి ఉష్ణోగ్రతల హెచ్చుతగ్గులను గీసి చూపారు. 1967లో, భౌతికశాస్త్రం చదివి ఈ రంగంలోకి వచ్చిన నికొలస్ షాకల్టన్ అదే గీతకు వేరే అర్థం చెప్పారు. తేలికైన ఆక్సిజన్-16 గల నీరు సులువుగా ఆవిరై, ఖండాల మీద మంచుగా పేరుకుపోయినప్పుడు మిగిలిన సముద్రంలో ఆక్సిజన్-18 పాలు పెరుగుతుంది. కాబట్టి గుల్లల్లో కనిపించే మార్పులో అధిక భాగం మంచు పరిమాణానిదే తప్ప నీటి చల్లదనానిది కాదని ఆయన వాదన. ఆయనే 1976లో జేమ్స్ హేస్, జాన్ ఇంబ్రీలతో కలిసి, దక్షిణ హిందూ మహాసముద్రం నుంచి తీసిన రెండు కోర్లలో దాదాపు 1,00,000, 42,000, 23,000 ఏళ్లకోసారి మళ్లీ మళ్లీ వచ్చే మార్పులను గుర్తించి, వాటిని భూకక్ష్యలోని మార్పులతో ముడిపెట్టారు.

ఈ కథ ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. కొలత ఒకటే అయినా దాని వెనుక రెండు కారణాలు కలగలిసి ఉన్నాయి. వాటిని విడదీయడమే ఇక్కడి అసలు పని, అది చాలావరకు రసాయనశాస్త్రమే. గుల్లలోని మెగ్నీషియం, కాల్షియంల నిష్పత్తి నీటి ఉష్ణోగ్రతతో పాటు పెరుగుతుంది గనుక, దాన్ని అదే గుల్ల ఆక్సిజన్ కొలతతో కలిపి చూసి, ఉష్ణోగ్రత వాటాను పక్కకు తీస్తారు. అయితే గుల్ల సముద్రపు అడుగున కొంత కరిగిపోయినా, దానికి అంటిన బంకమట్టిని సరిగా కడగకపోయినా ఆ నిష్పత్తి కూడా తప్పుదారి పట్టిస్తుంది. ఇటువంటి కల్తీని పసిగట్టే విషయంలో మీ అమ్మాయికి భూగర్భశాస్త్ర విద్యార్థులకంటే మంచి పునాది ఉందనే నా అభిప్రాయం.

ఆమె కొత్తగా అలవరచుకోవలసింది కాలాన్ని మట్టి మందంతో కొలిచే ఆలోచన. తీరానికి దూరంగా, లోతైన చోట అవక్షేపం (అడుగున పేరుకునే మట్టి) వెయ్యేళ్లకు కొన్ని సెంటీమీటర్లే పేరుకుంటుంది. పైగా పురుగులూ ఇతర జీవులూ పైపొరను పది సెంటీమీటర్ల వరకు కలియదిప్పుతుంటాయి. వెయ్యేళ్లకు రెండు సెంటీమీటర్లు చేరే చోట ఆ పది సెంటీమీటర్లు ఐదు వేల ఏళ్లతో సమానం; అక్కడ ఒక శతాబ్దపు సంఘటన కోసం వెతకడం వృథా. ఇక పొరల వయసు కట్టడానికి రేడియోకార్బన్ దాదాపు 50,000 ఏళ్ల వరకే పనికొస్తుంది. అంతకు ముందరి కాలానికి భూ అయస్కాంత ధ్రువాలు తారుమారైన గుర్తులు, అంతరించిన జీవజాతుల అవశేషాలు ఆధారం. అవక్షేపశాస్త్రం, సూక్ష్మశిలాజశాస్త్రం, గణాంకశాస్త్రం ఉన్న స్నాతకోత్తర కోర్సును ఎంచుకుంటే ఈ లోటు తీరుతుంది. కొద్దిగా ప్రోగ్రామింగ్ కూడా తప్పనిసరి.

ఓడల విషయానికొస్తే, భయం అక్కర్లేదు. అంతర్జాతీయ డ్రిల్లింగ్ యాత్ర సాధారణంగా రెండు నెలలు సాగుతుంది. పన్నెండు గంటల షిఫ్టులు. ఒక్క యాత్రా చేయకుండానే మంచి పరిశోధన చేసినవారున్నారు. పైకి తీసిన కోర్‌ను నిలువుగా రెండుగా చీల్చి, ఒక సగాన్ని భద్రపరుస్తారు, రెండో సగం నుంచి నమూనాలిస్తారు. జర్మనీలోని బ్రెమెన్, జపాన్‌లోని కోచి, అమెరికాలోని కాలేజ్ స్టేషన్‌లలో ఉన్న భాండాగారాలకు పరిశోధకులు దరఖాస్తు చేసుకోవచ్చు. 1985 నుంచి పనిచేసిన జాయిడెస్ రిజల్యూషన్ అనే, సముద్రగర్భాన్ని తొలిచి కోర్లు తీసే ఓడ 2024లో విరమించుకుంది గనుక, రాబోయే కొన్నేళ్లలో ఈ పాత నిల్వల విలువ ఇంకా పెరుగుతుందనుకుంటున్నాను.

రోజువారీ పని మాత్రం ఓపికను పరీక్షిస్తుంది. మట్టిని జల్లెడలో కడిగి, ఇసుక రేణువులంత ఉండే ఫొరామినిఫెరా (ఏకకణ సముద్రజీవుల) గుల్లల్లో కావలసిన జాతిని మైక్రోస్కోప్ కింద తడి కుంచె కొసతో ఒక్కొక్కటిగా ఏరాలి. ఒక కోర్‌కు వందల నమూనాలు, నెలలు పడుతుంది. ఐసోటోపులను కొలిచే యంత్రం, మాస్ స్పెక్ట్రోమీటర్ వంతు ఆ తర్వాతే.

ఉద్యోగాల గురించి దాచకుండా చెబుతాను. శాశ్వత పరిశోధక పదవులు తక్కువ, డాక్టరేట్ తర్వాత కూడా కొన్నేళ్లు తాత్కాలిక నియామకాలతో నెట్టుకురావలసి ఉంటుంది. అయితే ఐసోటోపుల కొలతలో నైపుణ్యం ఉన్నవారికి భూగర్భజలాల అధ్యయనంలోనూ, ఆహారపదార్థాల కల్తీని నిర్ధారించే ప్రయోగశాలల్లోనూ పని దొరుకుతుంది. అందుకే మార్గదర్శకుణ్ణి ఎంచుకునేటప్పుడు రెండు విషయాలు నేరుగా అడగమనండి: విద్యార్థులు యంత్రాన్ని స్వయంగా నడుపుతారా, లేక నమూనాలు బయటికి పంపి అంకెలు మాత్రం తెప్పించుకుంటారా? సెలవుల్లో రెండు వారాలపాటు గుల్లలు ఏరే పనికి తనను రానిస్తారా?