తీగ లాగితే టోనంతా కదులుద్ది

ప్రశ్న: అన్నా నమస్తే, మాది ఉప్పల్. ఆర్నెల్ల సంది అమెరికా బ్లూస్ గిటారిస్టు స్టీవీ రే వాన్ ‘టెక్సాస్ ఫ్లడ్’ పాటల గిటార్ సోలో పట్టుకుని కూసున్న. ట్యాబ్ (ఏ తీగ మీద ఏ ఫ్రెట్, అంటే ఏ మెట్టు నొక్కాల్నో నంబర్లల్ల రాసుండేది) చూసి నోట్స్ మొత్తం బట్టీ కొట్టిన. కానీ రికార్డు పెట్టి దాని మీద వాయిస్తే అస్సలు కలుస్తలేదు, ఒక్కన్నే వాయించుకుంటే కరెక్టే అనిపిస్తది గానీ అది బ్లూస్ లెక్క లేదు, పెండ్లి బ్యాండుల క్యాసియో లెక్క ఉంది. నా దగ్గర ఒక స్ట్రాట్ కాపీ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్ లాంటి ఎలక్ట్రిక్ గిటార్), 10 వాట్ల చిన్న ఆంప్ ఉన్నయి. గెయిన్ (సౌండ్ చిట్లేటట్టు చేసే నాబ్) ఫుల్ పెట్టిన, అయినా ఆ టోన్ వస్తలేదు. ఒక దోస్తేమో ట్యూబ్ స్క్రీమర్ పెడల్ కొను అంటడు, ఇంకొకడు 13 గేజ్ లావు తీగలెయ్యి, స్టీవీ గవే వేస్తుండె అంటడు. జీతం పడంగనే ముందుగాల ఏది కొనాలె?

జవాబు: తమ్ముడూ, ముందుగాల ఏదీ కొనకు. జీతం జేబులో పెట్టుకుని, గిటార్ తీసి ఆరు తీగలూ ఒక హాఫ్ స్టెప్ (ఒక ఫ్రెట్ అంత శ్రుతి) కిందికి దించు. రికార్డుతో కలవకపోవడానికి కారణం అదొక్కటే. స్టీవీ తన గిటార్ని ఇ ఫ్లాట్ లో ట్యూన్ చేసేవాడు, అంటే లావు తీగ నుంచి ఇ ఫ్లాట్, ఎ ఫ్లాట్, డి ఫ్లాట్, జి ఫ్లాట్, బి ఫ్లాట్, మళ్లీ ఇ ఫ్లాట్. నీ ఫోన్లో ట్యూనర్ యాప్ ఇ ఫ్లాట్ కి బదులు డి షార్ప్ అని చూపిస్తే కంగారు పడకు, రెండూ ఒకటే. వేళ్లు మాత్రం జి షేపుల్లోనే ఆడతాయి, వినపడేది జి ఫ్లాట్. ఆర్నెల్లు కూర్చున్నావు గానీ ఆ ట్యాబ్ పైన మొదటి లైన్లో ట్యూనింగ్ ఏమని రాసుందో చూశావా? నాకు వచ్చే ఉత్తరాల్లో చాలామందిది ఇదే కథ, కింద నంబర్లు చూస్తారు, పైన లైను చూడరు.

ఇక 13 గేజ్ సంగతి. స్టీవీ వేసుకున్నది నిజమే, కానీ మీ దోస్తు చెప్పనిది ఇంకొకటి ఉంది. ఒకే శ్రుతిలో తీగ బిగువు దాని మందానికి వర్గంలా పెరుగుతుంది, కాబట్టి 9 గేజ్ సన్న తీగ కంటే 13 గేజ్ తీగ రెట్టింపు కంటే ఎక్కువ బిగువుగా ఉంటుంది. హాఫ్ స్టెప్ దించితే ఆ బిగువులో ఓ 11 శాతం తగ్గుతుంది, అంతే. దాన్ని పక్కకి లాగి శ్రుతిని మూడు నాలుగు ఫ్రెట్లంత పెంచాలంటే స్టీవీ చేతులుండాలి. ఆయన చర్మం చీరుకుపోతే సూపర్ గ్లూ పెట్టి అతికించుకుని వాయించేవాడని చెప్తుంటారు, నువ్వు మాత్రం ఆ పని చెయ్యకు. నీకు 10 గేజ్ చాలు, ఇ ఫ్లాట్ లో దించాక అది మామూలు ట్యూనింగ్ లో 9 గేజ్ కంటే కాస్త గట్టిగా ఉంటుందంతే, తీగకి ఒళ్లు వస్తుంది, వేలికి ప్రాణం మిగులుతుంది.

ఇదంతా నేను పడ్డాక నేర్చుకున్నదే. డిగ్రీలో ఉన్నప్పుడు సికింద్రాబాద్ లో ఒక షాపులో 13 సెట్ కొనుక్కొచ్చి మామూలు ట్యూనింగ్ లోనే ఎక్కించాను. తెల్లారేసరికి బ్రిడ్జి ముందుకి లేచి నిలబడింది, వెనక స్ప్రింగులు ఆ బిగువు ఆపలేకపోయాయి, తీగలు ఫ్రెట్ల మీద వేలెడంత ఎత్తులో ఉన్నాయి. అయినా మొండిగా వారం వాయించాను, వేళ్లు పగిలి అన్నం కలుపుకోలేకపోయాను. అప్పట్లో మేం చిక్కడపల్లిలో ఉండేవాళ్లం, పక్క వాటాలో ఒక వీణ టీచర్ గారుండేవారు. నా గోల వారం విని ఎనిమిదో రోజు గుమ్మంలోకొచ్చి ఒకటే మాట అన్నారు, ‘అబ్బాయీ, నువ్వు మధ్యమం నుంచి పంచమానికి లాగుతున్నావు కదా, పంచమం ఇంకా రాలేదు, దారిలోనే వదిలేస్తున్నావు’ అని. తీగలు మార్చు, ఆంప్ మార్చు అనలేదు, ఆవిడకి అవేంటో కూడా తెలీదు, కానీ రోగం పట్టేశారు.

నీ రోగం కూడా అదే అని నా అనుమానం. వినకుండానే ఎలా చెప్తున్నావంటావేమో, క్యాసియో లెక్క ఉందన్నావు కదా, అక్కడే దొరికిపోయావు. క్యాసియోలో మెట్టుకీ మెట్టుకీ మధ్య ఖాళీ, ఏమీ ఉండదు. బ్లూస్ అంతా ఆ ఖాళీలోనే ఉంటుంది. నువ్వు వాయించే మైనర్ పెంటటానిక్ మన శుద్ధ ధన్యాసి రాగం స్వరాలే, స గ మ ప ని. మేజర్ పెంటటానిక్ అంటే మోహన. జి ని షడ్జం అనుకో, మూడో తీగ మూడో ఫ్రెట్ సాధారణ గాంధారం, నాలుగో ఫ్రెట్ అంతర గాంధారం. బ్లూస్ వాయించేవాడు మూడో ఫ్రెట్ మీద వేలు పెట్టి తీగ లాగి, నాలుగో ఫ్రెట్ శ్రుతి దాకా వెళ్లకుండా మధ్యలో ఎక్కడో ఆపుతాడు, ఆ రెండు గాంధారాల మధ్యలో నిలబడ్డ స్వరం ట్యాబ్ లో నంబరుగా రాదు, మహా అయితే ఒక చిన్న బాణం గుర్తు వేస్తారు, నువ్వు దాన్ని దాటేసి ఉంటావు. వీణ మీద తీగని పక్కకి లాగి ఒకే మెట్టు మీద మూడు నాలుగు స్వరాలు పలికించడం మనకి కొత్త కాదు. ఈమని శంకరశాస్త్రి గారి వీణ, చిట్టిబాబు గారి వీణ ఒకసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విను, లాగిన తీగ ఎక్కడ ఆగిందో, ఎంతసేపు ఆగిందో, ఎలా దిగిందో అదొక్కటే విను. పాలకొల్లు నుంచి వచ్చిన మాండొలిన్ శ్రీనివాస్ అయితే ఎలక్ట్రిక్ మాండొలిన్ మీదే గమకాలన్నీ పలికించాడు, ఐదు తీగలు, ఒక ఆంప్, మన పరికరాలే కదా. మనోడి దగ్గర ఇంత ఆస్తి పెట్టుకుని వీడియోలో తెల్లాయన బెండ్ (తీగ లాగడం) ఎలా చెయ్యాలో చెప్తే నోట్స్ రాసుకుంటున్నాం.

సరే, పనికి వద్దాం. మూడో తీగ ఐదో ఫ్రెట్ మీద ఉంగరం వేలు పెట్టు, చూపుడు వేలూ మధ్య వేలూ దాని వెనకాల సాయం ఉండాలి, బొటనవేలు మెడ పైనుంచి పట్టుకోవాలి, లాగేది వేలు కాదు, మణికట్టు తిరగాలి, తలుపు గొళ్లెం తిప్పినట్టు. దాన్ని పక్కకి లాగి శ్రుతిని రెండు ఫ్రెట్లంత పెంచితే మధ్యమం పంచమం అవుతుంది. అయిందో లేదో ఎలా తెలియాలి? రెండో తీగ మూడో ఫ్రెట్ మీటు, అదే పంచమం. రెండూ కలిపి మీటితే ఒకటిగా వినపడాలి, వూంవూం అని అల కొడుతుంటే ఇంకా రాలేదన్నట్టు. రోజూ పది నిమిషాలు ఇదొక్కటే చెయ్యి, సోలో ముట్టుకోకుండా. అట్లాగే రెండో తీగ ఆరో ఫ్రెట్ నుంచి నిషాదాన్ని పై షడ్జానికి లాగు, మొదటి తీగ మూడో ఫ్రెట్ తో సరిచూసుకో. లాగి పట్టుకున్నాక దాన్ని ఊపడం, వైబ్రాటో, అదింకో నెల పని. స్టీవీది వెడల్పుగా, బరువుగా ఉంటుంది, నీది మొదట్లో వణుకుతున్నట్టు ఉంటుంది, పర్లేదు, మెల్లగా ఒక లెక్కలో ఊపు, ఖంగారుగా గిలకొట్టకు.

లెక్క అంటే గుర్తొచ్చింది. ఆ పాట 12/8 లో నడుస్తుంది, నాలుగు బీట్లు, ఒక్కో బీట్లో మూడు ముక్కలు, అంటే మన తిస్ర నడక. కాలితో నాలుగు వేస్తూ నోటితో తకిట తకిట తకిట తకిట అను, అలా 12 బార్లు తిరిగితే ఒక రౌండ్. ట్యాబ్ చూసేవాళ్లు ఏ ఫ్రెట్ అనేది చూస్తారు గానీ ఆ తకిటలో త మీద పడిందా కి మీద పడిందా చూడరు, అందుకే నోట్స్ అన్నీ కరెక్టే ఉండి పాట మాత్రం కుంటుతుంది. యూట్యూబ్ లో స్పీడు సగానికి తగ్గించుకోవచ్చు, శ్రుతి మారదు. నాలుగు బార్లు తీసుకుని ముందు నోటితో పాడు, పాడలేనిది వాయించలేవు, ఎవరూ లేనప్పుడు పాడుకో, ఉప్పల్ మెట్రోలో పాడితే జనం పక్కకి జరుగుతారు. పాడటం వచ్చాక గిటార్ పట్టు, ఫోన్లో రికార్డు చేసి మర్నాడు విను. అదే రోజు వింటే మన తప్పు మనకి ముద్దుగానే ఉంటుంది.

ఇప్పుడు టోన్. గెయిన్ ఫుల్ పెట్టానన్నావు, ముందు దాన్ని సగానికి కింద తీసుకురా. ఆ పాట ఉన్న ‘టెక్సాస్ ఫ్లడ్’ ఆల్బమ్ ని 1982 నవంబర్ లో లాస్ ఏంజెలెస్ లో గాయకుడు జాక్సన్ బ్రౌన్ స్టూడియోలో మూడు రోజుల్లో రికార్డు చేశారు, 1983 లో వచ్చింది, ఒక బ్యాండు స్టేజి మీద వాయించినట్టు వాయించేశారు. (పాట మాత్రం స్టీవీది కాదు, 1958 లో లారీ డేవిస్ పాడింది.) అందులో నువ్వు వింటున్నది డిస్టార్షన్ అనుకుంటున్నావు, నిజానికి చాలావరకు క్లీన్ సౌండే, పెద్ద ట్యూబ్ ఆంప్ (పాత రేడియోల్లోలా వాల్వులతో నడిచేది) ని గట్టిగా తెరిచి, తీగల్ని గట్టిగా కొడితే అంచున కాస్త చిట్లుతుంది, అంతే. గెయిన్ ఎక్కువైతే మెల్లగా కొట్టినా గట్టిగా కొట్టినా ఒకటే సౌండ్ వస్తుంది, ఇంక నువ్వు కష్టపడి నేర్చుకున్న బెండ్ ఎవడికి వినపడాలి? సెలెక్టర్ ని మెడ దగ్గరి పికప్ (తీగ కదలికని పట్టే అయస్కాంతం) మీదికి తిప్పు, గెయిన్ మూడు నాలుగు మధ్య, బాస్ కాస్త తగ్గించి మిడ్ పెంచు, రివర్బ్ ఉంటే కొంచెం. ఆపైన గిటార్ వాల్యూమ్ ఏడు మీద పెట్టి వాయించు, సోలో ఎక్కే చోట పదికి తిప్పు. పిక్ మొనతో కాకుండా గుండ్రంగా ఉండే వెనక వైపుతో కొట్టి చూడు, స్టీవీ అలాగే కొట్టేవాడు, సౌండ్ ఒక్కసారిగా లావెక్కుతుంది, పైసా ఖర్చు లేదు.

ట్యూబ్ స్క్రీమర్ మంచిదే, చెడ్డదని కాదు. అది బాస్ ని కోసేసి మధ్య స్థాయిని, 720 హెర్ట్జ్ చుట్టుపక్కల, ముందుకి తోస్తుంది. ఫెండర్ ఆంపుల్లో ఆ మధ్యలోనే గుంత ఉంటుంది, ఆ గుంతలో ఈ గుట్ట సరిగ్గా కూర్చుంటుంది, అందుకే ఆ జోడీ. కానీ చాలామంది దాని డ్రైవ్ నాబ్ ఫుల్ పెడతారు, స్టీవీ దారి వేరు, డ్రైవ్ బాగా తగ్గించి లెవెల్ బాగా పెంచి ఆంప్ ట్యూబుల్ని ముందుకి తొయ్యడం. నీ 10 వాట్లది ట్యూబ్ ఆంప్ కాకపోతే తోసినా అది పెద్దగా అవుతుందే తప్ప ఆ తియ్యటి చిట్లుడు రాదు, మిడ్ మాత్రం పెరుగుతుంది, ఆ లాభం ఉంటుంది. కాబట్టి మూడు నెలలు ఆగు. అప్పటికీ కావాలనిపిస్తే సెకండ్ హ్యాండ్ లో తీసుకో, చేతిలో పట్టుకుని వాయించి చూశాకే డబ్బులివ్వు. ఈ నెల జీతంలో ఒక 10 గేజ్ సెట్, పాత తీగలు తుప్పు పట్టి ఉంటే ఎలాగూ కావాలి, మిగిలింది అమ్మకివ్వు.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ సెకండియర్. పగలంతా కాలేజీ, రాత్రి పదకొండింటికి గిటార్ తీస్తాడు. కింద ఫ్లాట్ వాళ్లు రెండుసార్లు వాచ్‌మన్‌తో చెప్పి పంపారు. ఇప్పుడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటున్నాడు, చెవులు పాడవుతాయేమోనని నా భయం. ఆపమనాలా? – మలక్‌పేట నుంచి ఒక తల్లి

జవాబు: ఆపొద్దమ్మా, వాల్యూమ్ తగ్గించమనండి. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు పర్లేదంటారు, ప్రతి మూడు డెసిబెల్స్ కి ఆ టైము సగం అయిపోతుంది, 88 కి నాలుగు గంటలు, 91 కి రెండు, అలా. మీరు పక్కన నిలబడి మామూలుగా పిలిస్తే వినపడకపోతే అది ఎక్కువే. ఇంకో మాట, ఎలక్ట్రిక్ గిటార్ ని ఆంప్ లేకుండా ఊరికే వాయించుకున్నా చాలా పని అవుతుంది, పై వాళ్లకీ కింద వాళ్లకీ వినపడదు, బెండ్ కరెక్టుగా పడిందా లేదా వాడికి మాత్రం తెలుస్తుంది. సగం టైము అలా, సగం టైము హెడ్‌ఫోన్స్ తో అనండి. ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) సంగతి మీరిద్దరూ చూసుకోండి, దాంట్లో నేను దూరను.

ప్రశ్న: సార్, ఫ్యాన్ వేస్తే నా ఆంప్ లో జుయ్‌మని గోల, ఫ్యాన్ ఆపితే చెమటలు. గిటార్ రిపేరుకి ఇవ్వాలా? – మియాపూర్

జవాబు: ముందు గిటార్ ని అనుమానించకండి. మీది స్ట్రాట్ లాంటిదైతే దాని సింగిల్ కాయిల్ పికప్పు గదిలో ఉన్న కరెంటు గోలంతా పట్టేస్తుంది, మన కరెంటు 50 హెర్ట్జ్ హమ్ ఒకటి, ఫ్యాన్ రెగ్యులేటర్ది ఒకటి. రెగ్యులేటర్ ఫుల్ లో పెట్టి చూడండి, చాలాసార్లు గోల తగ్గుతుంది. తగ్గకపోతే కుర్చీ తిప్పుకుని గోడకి వేరే వైపు కూర్చోండి, ఒక కోణంలో దాదాపు పోతుంది. పికప్ సెలెక్టర్ రెండో, నాలుగో పొజిషన్ లో పెట్టినా చాలా గిటార్లలో హమ్ ఆగిపోతుంది. ఇక తీగల మీద చెయ్యి వేయగానే గోల తగ్గితే గిటార్ కి ఏం కాలేదు. కానీ చెయ్యి వేయగానే జివ్వుమంటే మాత్రం ప్లగ్గు పీకేయండి, సాకెట్ లో ఎర్త్ లేనట్టుంది, ఎవరో సలహా ఇచ్చారని ప్లగ్గుకున్న ఎర్త్ పిన్ను విరిచేయడం లాంటివి అస్సలు చెయ్యొద్దు. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా ఆంప్ ఆన్ చెయ్యకండి.