మంచాన ఉన్న అత్తగారు, పింఛను సంగతి

అమలాపురం చెల్లెమ్మా, పక్షవాతంతో మంచాన పడ్డ అత్తగారి కోసం కుట్టుపని మానేశానని, చూసుకునేవాళ్లకి ఏమన్నా ఇస్తారా అని అడిగారు కదండి. వచ్చే డబ్బు రోగి పేరు మీదే వస్తుందండి. పూర్తిగా మంచానికే పరిమితమైన పక్షవాత రోగులకి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఎన్టీఆర్ భరోసా పింఛను కింద నెలకి 15,000 రూపాయలు. వృద్ధాప్య పింఛను 4,000తో సరిపెట్టుకోకండి. ముందు సచివాలయంలో సదరం స్లాట్, అంటే వైకల్య ధ్రువపత్రం కోసం ఆసుపత్రిలో చేసే పరీక్షకి తేదీ, అడగండి. ఆసుపత్రిదాకా తీసుకెళ్లడమే అసలు కష్టం. మా నాన్నగారికైతే ట్రాలీ ఆటోలో పరుపేసి తీసుకెళ్లాం, గతుకులకి ఆయనకి ప్రాణం పోయినంత పనైందండి.

పెద్దవాళ్ల సాయానికి 14567 నంబరుకి ఫోన్ చేయండి. మీకే మనసు బాగోకపోతే 14416, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు. మీ ఆడపడుచుగారిని నెలకో వారం వచ్చి ఉండమనండి. మొహమాటపడితే ఎవరూ రారండి.