గుమ్మం ఉంది, గోడ ఏది?

ప్రశ్న: మా అబ్బాయి ఉద్యోగం మీద మాల్టా వెళ్లాడు. అక్కడ రోడ్డు మధ్యలో ఉన్న రాతి ఆర్చి ఫొటో పంపాడు. పోర్ట్ దె బాంబ్ అట, పాత కోట గుమ్మమట. చూస్తే అటూ ఇటూ గోడే లేదు, కార్లు పోతున్నాయి. మన ఊళ్ల మొదట్లో కట్టే స్వాగత ద్వారంలా ఉంది. కోట ఏదండీ?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: గోడ ఉండేదమ్మా. 1930లలో రోడ్డు కోసం పక్క గోడలు కొట్టేసి గుమ్మాన్ని ఉంచారు.

1565లో ఒట్టోమన్ (టర్కీ) సైన్యం మాల్టాని ముట్టడించింది. మరుసటి ఏడాదే, ఇప్పటి రాజధాని వలెట్టా నగరానికి పునాది వేశారు. 70 ఏళ్లయినా ఆ భయం పోలేదు. 1635లో ఇటలీ ఇంజనీరు ఫ్లోరియాని వచ్చి, వలెట్టాకి ఉన్న గోడకి ముందు ఇంకో గోడల వరస గీశాడు. ఇప్పుడక్కడి ఊరి పేరు ఫ్లోరియానా. ఫిరంగి గుండుకి ఎత్తైన గోడ సులువుగా కూలుతుంది కాబట్టి గోడలు మందంగా, మూలలు ముందుకి పొడుచుకొచ్చేలా కట్టారు. ముందు రాయి తొలిచి కందకం. మీ అబ్బాయి ఫొటోలోని గుమ్మం ఆ వరసలోదే.

నేను విజయవాడలో హైస్కూల్లో సోషల్ చెప్పేవాణ్ణి. పిల్లల్ని కొండపల్లి కోటకి తీసుకెళితే, దర్గా దర్వాజా చేరేసరికి చేతిలో నీళ్ల సీసా తప్ప ఏమీ లేని నాకే ఊపిరి అందేది కాదు. కత్తీ డాలూ మోసుకొచ్చేవాడి సంగతి చెప్పాలా? అక్కడ సగం కాపలా కొండదే. కొండ లేనిచోట కందకం తవ్వాలి.

ఇక అలంకారం. కోటలో గుమ్మమే బలహీనమైన చోటు, అయినా శిల్పమంతా దానికే. బయటినుంచి వచ్చేవాడు ముందు చూసేది దాన్నే మరి. స్తంభాలు, చిహ్నాలు పెట్టి దర్జా చూపించడం బరోక్ కాలం (యూరప్‌లో ఆడంబరమైన కట్టడాల కాలం) వాళ్లకి బాగా ఇష్టం. 1720–21లో ఫ్రెంచ్ ఇంజనీరు మోండియోన్ దీన్ని అలాగే కట్టించాడు.

ఫొటోలో కమానులు రెండు కదా? ఆయన కట్టించింది ఒకటే. రెండోది 1868లో బ్రిటిష్ వాళ్లు బండ్ల రద్దీకని అచ్చం అలాగే కట్టి పక్కన చేర్చారు. కోటకి పక్కపక్కనే రెండు గుమ్మాలంటే శత్రువుకి ఎదురెళ్లి దండ వేసినట్టే! నన్నడిగితే అది కోట గుమ్మంగా రిటైరయింది ఆ ఏడాదే, గోడలు కొట్టినప్పుడు కాదు.

గోడల వరస మాత్రం పూర్తిగా పోలేదు, చాలావరకు ఇంకా ఉంది. ఈసారి రోడ్డు వదిలి పక్కకి నడిచి, కందకం కనిపించేలా ఒక ఫొటో తీయమనండి. వస్తే నాకూ పంపండి.